ఫెలూదా పేపర్ స్ట్రిప్: గీత చూడటం తేలికే, అక్కడిదాకా రావడమే పని

ఫెలూదాను ప్రెగ్నెన్సీ కిట్‌తో పోలుస్తుంటారు. ఆ పోలిక చివరి రెండు మూడు నిమిషాలకే చెల్లుతుంది. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ రూపొందించగా టాటా గ్రూపు మార్కెట్లోకి తెచ్చిన ఈ కోవిడ్ పరీక్షకు 2020 సెప్టెంబరులో దేశ ఔషధ నియంత్రణ అధికారి (డీసీజీఐ) అనుమతి దొరికింది. అప్పుడు ప్రకటించిన సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకోవడం) 96 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లకు లేదని చెప్పడం) 98 శాతం.

ముందు స్వాబ్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలి. దాన్ని డీఎన్‌ఏగా మార్చి, బయోటిన్ అనే గుర్తు తగిలించిన ప్రైమర్‌తో (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) మామూలు పీసీఆర్‌లో, అంటే డీఎన్‌ఏను కాపీలు తీసే పద్ధతిలో, పెంచాలి. అందులో క్యాస్9 ప్రొటీన్, ఫ్యామ్ అనే మెరిసే రంగు తగిలించిన గైడ్ ఆర్‌ఎన్‌ఏ (క్యాస్9కు వైరస్ వరుసను చూపించేది) కలపాలి. ఈ క్యాస్9కు కత్తిరించే గుణం తీసేశారు. సరిపోలిన వరుస దొరికితే అంటిపెట్టుకోవడమే దాని పని. స్ట్రిప్ ముంచగానే టెస్ట్ గీత దగ్గరి స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ను, బంగారు కణాల మీది యాంటీబాడీ ఫ్యామ్‌ను పట్టుకుంటాయి. రెండూ ఒకే ముక్క మీద ఉంటేనే గీత పడుతుంది.

ఈ డిజైన్‌లో మెచ్చుకోవాల్సింది ఇదే. ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని పెరిగిన చెత్త డీఎన్‌ఏను గైడ్ పట్టించుకోదు కాబట్టి దాని వల్ల దొంగ పాజిటివ్ రాదు. అయితే ఆ చెత్తా, వాడకుండా మిగిలిన ప్రైమరూ స్ట్రెప్టావిడిన్‌ను ముందే ఆక్రమించేస్తే అసలు పాజిటివ్ గీతే పాలిపోతుంది. ప్రైమర్ ఎక్కువ పోస్తే మేలన్న అలవాటు ఇక్కడ పనికిరాదు.

పెద్ద బెడద కంటమినేషన్, అంటే ఒక ట్యూబులోని డీఎన్‌ఏ మరోదాంట్లో కలిసిపోవడం. కాపీలు పెరుగుతుండగానే మెషీన్ లెక్కపెట్టే రియల్‌టైమ్ పీసీఆర్‌లో ట్యూబు మూత తీయక్కర్లేదు, ఇందులో తీయాల్సిందే. కోట్ల కొద్దీ కాపీలున్న ట్యూబు అది. ఒక్క తుంపర చాలు, మర్నాటి నెగటివ్ కంట్రోల్‌లో (వైరస్ లేదని తెలిసే పెట్టే శాంపిల్) కూడా గీత కనబడుతుంది. పీసీఆర్ కలిపే గది, స్ట్రిప్ ముంచే గది వేరుగా ఉండాలి, పైపెట్లూ వేరే, ఫిల్టర్ టిప్పులు తప్పనిసరి, బల్లను బ్లీచ్ ద్రావణంతో తుడవాలి. స్ట్రిప్ పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు. ఎండిపోయాక తేలిన లేత గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

లక్షలు పోసే రియల్‌టైమ్ మెషీన్ అక్కర్లేదు, పీసీఆర్ కోసం ట్యూబులను వేడిచేసి చల్లార్చే సాదా థర్మల్ సైక్లర్ చాలు. కాబట్టి పీసీఆర్ చేయడం వచ్చిన టెక్నీషియన్ ఉన్న జిల్లా ల్యాబుకు సరిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ తీసే వసతి లేని పీహెచ్‌సీకి మాత్రం స్ట్రిప్ ఒక్కటీ ఇచ్చి ప్రయోజనం లేదు. సీటీ వాల్యూ (వైరస్ ఎంతుందో సూచించే రియల్‌టైమ్ పీసీఆర్ అంకె) కావాలనే డాక్టరుకూ ఇది సరిపోదు. ఉందో లేదో చెబుతుంది, ఎంతుందో చెప్పదు.