కాళి కంటే కాసయ్యకే భయపడ్డాను: ‘ప్రతిఘటన’ మళ్లీ చూశాక

2025 జులైలో కోట శ్రీనివాసరావు కన్నుమూశాక మా ఇంట్లో ఆయన పాత సినిమాలు వరుసగా నడిచాయి. వాటిలో నేను పట్టుబట్టి పెట్టించింది 1985 నాటి ‘ప్రతిఘటన’. టి. కృష్ణ దర్శకుడు. జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, లెక్చరర్ ఝాన్సీ కథ మీద నాకు కొంత పక్షపాతం ఉందని ముందే చెప్పేస్తున్నాను.

కాళి అనే రౌడీ జనం కళ్ల ముందే ఒక పోలీసు అధికారిని చంపుతాడు. చూసినవాళ్లెవరూ నోరు విప్పరు. సాక్ష్యం చెబుతానన్న పాపానికి ఝాన్సీని నలుగురిలో వివస్త్రను చేస్తాడు. చరణ్‌రాజ్ కాళిగా బాగానే భయపెట్టాడు. కానీ కళ్లెర్రజేసే రౌడీలను మన తెరమీద చాలామందినే చూశాం. ఈ సినిమాలో అసలు విలన్లు వేరే ఉన్నారు.

క్లాసు సన్నివేశం చూడండి. అంత అవమానం జరిగాక పాఠం చెప్పడానికి వచ్చిన ఝాన్సీకి నల్లబల్ల మీద బూతుబొమ్మ కనిపిస్తుంది. గీసినవాడు కాళి మనిషి కాదు, ఆమె దగ్గరే చదువుకుంటున్న కుర్రవాడు. అక్కడే వేటూరి పాట, ‘ఈ దుర్యోధన దుశ్శాసన’. ఎస్. జానకి గొంతులో ఏడుపు కంటే నిలదీత ఎక్కువ. భారతంలో కూడా చీర లాగినవాడు ఒక్కడే, నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు సభ నిండా ఉన్నారు. పాఠంగా ఆ ఘట్టాన్ని చెప్పినప్పుడల్లా నేను దుశ్శాసనుడి దగ్గరే ఆగేదాన్ని కాదు, భీష్ముడి దాకా వెళ్లేదాన్ని. వేటూరి, దర్శకుడు టి. కృష్ణ కూడా అంతే. వాళ్ల కోపం కాళిని దాటి ఆ బెంచీల మీదికి పోతుంది.

ఇక మంత్రి కాసయ్య. కోట ఈ పాత్రలో ఎక్కడా గుడ్లురమడు. ఇంటి పెద్దలా, తీరుబడిగా, నవ్విస్తూ మాట్లాడతాడు. మనమూ నవ్వేస్తాం. ఆ నవ్వు దగ్గరే నాకు భయం వేసింది. అయితే ఒక పేచీ ఉంది. కాసయ్య నోట తెలంగాణ యాస పెట్టారు. అవినీతిపరుడికో రౌడీకో హాస్యానికో తప్ప ఆ యాస పనికిరాదన్నట్టు తర్వాత మన సినిమాలు చాలాకాలం నడిచాయి. నిజామాబాద్‌లో పుట్టిన మా వదిన ఇప్పటికీ ఈ సినిమాను క్షమించలేదు. ఆమె కోపం న్యాయమే.

సుత్తి వేలు కానిస్టేబుల్ పాత్ర ఒక్కదాని కోసమైనా ఈ సినిమా చూడవచ్చు. నవ్వించే నటుడిని మతి చలించినవాడిగా నిలబెట్టారు. ఝాన్సీగా విజయశాంతి గురించి కొత్తగా చెప్పేదేముంది!

నచ్చనిది ముగింపే. ఎన్నికల్లోకి దిగిన కాళిని ఝాన్సీ సభా వేదిక మీదే గొడ్డలితో నరికేస్తుంది. హాల్లో ఈలలు పడే ఘట్టమే, కాదనను. కానీ అతడికి జేజేలు కొట్టిన జనాన్ని అంతసేపూ బోనులో నిలబెట్టిన దర్శకుడు, ఆ ఒక్క దెబ్బతో అందరినీ నిర్దోషులుగా వదిలేశాడనిపించింది.

మేము చూసిన ప్రింటులో రంగులు వెలిసిపోయాయి, నేపథ్య సంగీతం మాటలను మింగేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కొంత నయం. చిన్నపిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు. ఇంటర్ చదివే మగపిల్లలుంటే మాత్రం పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ క్లాసు సన్నివేశం వచ్చినప్పుడు ఫోను చూడనివ్వకండి.