పెళ్లి వీడియో మనమే తీసుకుంటే: ఫోనా, అడిగి తెచ్చుకున్న కెమెరానా?

ఈమధ్యే మా తమ్ముడి పెళ్లి వీడియోను ఇంట్లోవాళ్లమే తీశాం. అది చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: తక్కువ ఖర్చులో తీయాలంటే ఫోన్ చాలా, కెమెరా ఉండాలా? మేం రెండూ వాడాం కాబట్టి రెండింటి సంగతీ చెబుతాను.

బొమ్మ వరకే చూస్తే కెమెరాదే పైచేయి. స్నేహితుడి దగ్గర తెచ్చింది లెన్స్ మార్చుకోగల డీఎస్ఎల్ఆర్ కెమెరా. ఆ డీఎస్ఎల్ఆర్‌కు వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే ఎఫ్/1.8 లెన్స్ ఉంది. వెలుతురు తగ్గాక కూడా ముఖాలు చక్కగా వచ్చాయి. ఫోన్‌లో అదే సమయంలో తీసినవి మసకగా, గింజలు గింజలుగా ఉన్నాయి. కానీ ఆ కెమెరా అలవాటున్న చేతిలో ఉండాలి. ఎవరైనా అడ్డం వచ్చి వెళ్తే ఫోకస్ పోతుంది, మళ్లీ కుదురుకునేలోపు ఆ క్షణం దాటిపోతుంది. పైగా పాత డీఎస్ఎల్ఆర్‌లు చాలావరకు అరగంట లోపే రికార్డింగ్ వాటంతటవే ఆపేస్తాయి. మాదీ ఆగిపోయింది, కాసేపటిదాకా ఎవరం చూసుకోలేదు.

ఫోన్‌తో ఆ టెన్షన్ తక్కువ. ట్రైపాడ్ మీద అడ్డంగా పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి, లెన్స్ ఒకసారి తుడిస్తే చాలు. 1080పి (ఫుల్ హెచ్‌డీ) సరిపోతుంది. 4కేలో నిమిషానికి రెండు మూడు వందల ఎంబీ కూడా తినేస్తుంది, గంటలు గంటలు తీయాలంటే చోటు చాలదు.

అయితే నా దృష్టిలో తేల్చాల్సింది బొమ్మ సంగతి కాదు, మాట సంగతి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా మాట స్పష్టంగా వినిపిస్తే మళ్లీ మళ్లీ చూస్తాం. మాట వినపడకపోతే ఎంత అందమైన వీడియో అయినా రెండు నిమిషాలకే ముందుకు జరిపేస్తాం. ఈ విషయంలో ఫోన్, కెమెరా రెండూ విఫలమవుతాయి, ఎందుకంటే రెండూ దూరంగానే ఉంటాయి. దూరం రెట్టింపైన ప్రతిసారీ మనిషి గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం తగ్గదు.

అందుకే ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి తమ్ముడి పైజేబులో పెట్టాం, మైక్ పైకి ఉండేలా. దానికి పైసా ఖర్చు కాలేదు. మా నాయనమ్మ వాడిని దగ్గరకు తీసుకుని చెప్పిన నాలుగు మాటలు అందులో ఉన్నాయి. కెమెరాలో ఆమె పెదవులు కదలడం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ అడిగి చూసేది ఆ ముక్కే.

వీడియోనూ, జేబులో ఫోన్ రికార్డ్ చేసిన మాటనూ కలపడం కష్టమేమీ కాదు. రెండూ రికార్డవుతుండగా గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ జరిపితే చాలు. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో చేయొచ్చు. ఒక్క చిక్కుంది: ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) మారుతుంటుంది, నిడివి పెరిగేకొద్దీ పెదవులకూ మాటకూ తేడా వస్తుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి.

హ్యాండీకామ్ ఇంట్లో ఉంటే వాడండి, కొత్తగా కొనకండి. డ్రోన్ అవసరం లేదు. చుట్టాలు ఫోన్లలో తీసినవి తప్పక అడగండి, కానీ వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది.

డబ్బు తక్కువున్నప్పుడు నేనైతే రెండు ఫోన్లకే ఓటేస్తాను, ఒకటి ట్రైపాడ్ మీద, ఒకటి జేబులో. కెమెరా తెలిసినవాళ్లు దొరికితే దాన్ని ముఖాలు దగ్గరగా తీయడానికి ఉంచండి. అన్నీ రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఏ ఫోన్‌లోనూ ఏదీ డిలీట్ చేయకండి.