‘విడాకుల ప్యాకేజీ’ ఆఫీసులకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

"కోర్టుకు రెండుసార్లు వస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అంటూ మ్యూచువల్ విడాకులకు (ఇద్దరి సమ్మతితో తీసుకునేవి) ప్యాకేజీ రేటు చెప్పే ఆఫీసుల సంగతి ఇది. మా చెల్లెలి కోసం హైదరాబాద్‌లో అలాంటి ఒక చోట అడ్వాన్సు కట్టాం. భర్త కొట్టేవాడు. పుట్టింటికి వచ్చేశాక డీవీసీ (గృహహింస కేసు) వేసింది, అది నడుస్తోంది.

అక్కడ వాళ్ల మొదటి మాటే "ముందు ఆ డీవీ కేసు వెనక్కి తీసుకోండి, అప్పుడే అటువాళ్లు మాట్లాడతారు" అని. తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఒప్పంద పత్రం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టకుండా ఇంటికి తెచ్చి చదివించాం. అందులో ఏముందంటే, అసలు హింసే జరగలేదట. మేం పెట్టిన బంగారమంతా తిరిగి ముట్టిందట (ఉంగరం కూడా రాలేదు). ఇకపై తనకు గానీ, బాబుకు గానీ మెయింటెనెన్స్ అడగదట. వీటన్నిటికీ కలిపి ఒకేసారి ఇంత ఇస్తారట. ఆ లెక్క ఎలా వేశారని అడిగితే "ఇంతకన్నా రాదమ్మా" అన్నారు. అతని జీతం కాగితం అడిగిన పాపాన పోలేదు.

ఆ పత్రం పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయర్ ఉచితం. 2005 గృహహింస చట్టం కింద భరణం ఒక్కటే కాదు, ఉండటానికి ఇల్లు, వైద్యం ఖర్చులు, హింస వల్ల పోయిన సంపాదన, పిల్లల తాత్కాలిక కస్టడీ, మానసిక వేదనకు నష్టపరిహారం కూడా అడగొచ్చని అక్కడి లాయరమ్మ వివరించారు. సెక్షన్ 26 ప్రకారం విడాకుల కేసు నడిచే ఫ్యామిలీ కోర్టులోనే ఇవి అడిగే వీలుంది. సెటిల్‌మెంట్ మాటల్లో మన బలం ఇదే. డబ్బు, నగలు చేతికి రాకముందే కేసు తీసేస్తే ఇక బేరమాడటానికి ఏం మిగులుతుంది?

"హింస రుజువైతే భరణం డబుల్" అనే వాళ్లనూ నమ్మొద్దు. అలాంటి లెక్క చట్టంలో లేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 కింద ఇద్దరి ఆదాయం, ఆస్తులతో పాటు ప్రవర్తన కూడా కోర్టు చూస్తుంది, అంతే. అందుకే ఆస్పత్రి చీటీలు, ప్రొటెక్షన్ ఆఫీసర్ (గృహహింస చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి) నివేదిక పారేయకండి. మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతని జీతం ఎంతో తేలేది అక్కడే.

అసలు లాయర్లు ప్రకటనలిచ్చి కేసులు పట్టడమే బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. రేటు కార్డు చూడగానే అనుమానించాల్సిన విషయం. మా అడ్వాన్సు మాత్రం "డ్రాఫ్టింగ్ చార్జీల కింద పోయింది" అంటున్నారు, రసీదు కూడా ఇవ్వలేదు.

ఇప్పటికే ఫస్ట్ మోషన్ (మ్యూచువల్ విడాకుల్లో కోర్టు ముందు మొదటి విడత) అయిపోయినవాళ్లు కంగారు పడకండి. డిక్రీ (విడాకుల తీర్పు) వచ్చేలోపు సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఉచిత న్యాయసహాయానికి 15100, హింస ఇంకా జరుగుతుంటే 181కి ఫోన్ చేయండి.