ఈ ఒక్క సెషన్‌కి షార్ట్‌కట్ కావాలా? అలియాస్ మేలా, ఫంక్షన్ మేలా?

సర్వర్‌లోకి లాగిన్ అయ్యాక, లాగ్ ఫైలు చూడటానికి అదే పొడుగాటి కమాండు పదేపదే కొట్టాల్సి వస్తే దానికో పొట్టి పేరు పెట్టుకోవాలనిపిస్తుంది. నలుగురూ వాడే అకౌంట్ అయితే బాష్‌ఆర్‌సీ ఫైలు (టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) ముట్టుకోకూడదు. టెర్మినల్ మూయగానే పోయే షార్ట్‌కటే కావాలి. బాష్‌లో (మనం కొట్టిన కమాండ్లు నడిపే షెల్ ప్రోగ్రామ్) అలియాస్‌తోనైనా, ఫంక్షన్‌తోనైనా ఆ పని జరుగుతుంది.

అలియాస్ అంటే మాట మార్పిడి, అంతే. మీరు కొట్టిన లైనులో మొదటి మాట తీసేసి, దాని చోట మీరు రాసిపెట్టుకున్నది ఉంచుతుంది. మిగతాదంతా దాని వెనక చేరుతుంది. 'గిట్ స్టేటస్' అనే కమాండుకి 'జీఎస్' అని పెట్టుకోవడానికి ఇది చాలు.

ఫోల్డర్ చేసి, వెంటనే అందులోకి వెళ్లాలనుకోండి. ఫోల్డర్ చేసే ఎంకేడిర్‌కీ, అందులోకి వెళ్లే సీడీకీ ఒకే పేరు అందాలి. అలియాస్‌లో రాస్తే ఆ పేరు చివరనున్న సీడీకి మాత్రమే చేరుతుంది. ఎంకేడిర్ పేరు లేదని ఎర్రర్ ఇస్తుంది. సీ షెల్‌లో (ఇది మరో షెల్) అలియాస్ లోపల కావాల్సిన చోట ఆర్గ్యుమెంట్లు (కమాండు వెనక ఇచ్చే మాటలు) పెట్టొచ్చు గానీ బాష్‌లో కుదరదు. ఫంక్షన్ అంటే ఒక పేరు కింద రాసిపెట్టుకున్న కమాండ్ల గుంపు. అందులో అయితే రెండుచోట్లా 'డాలర్ ఒకటి' (మొదటి ఆర్గ్యుమెంట్ అని అర్థం) అని రాస్తే సరిపోతుంది. దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టడం మరిచిపోవద్దు, పేరులో స్పేస్ ఉంటే ముక్కలైపోతుంది.

ఇక కోట్స్ సంగతి. ఇప్పుడున్న ఫోల్డర్ ఎంత సైజుందో చూపించే అలియాస్ ఒకటి పెట్టుకున్నాను. సైజు చెప్పే డీయూ కమాండు, దాని పక్కన ఇప్పుడున్న ఫోల్డర్ పేరుండే పీడబ్ల్యూడీ వేరియబుల్, మొత్తం డబుల్ కోట్స్‌లో. ఏ ఫోల్డర్‌కి వెళ్లి కొట్టినా అదే అంకె! డిస్క్ నిండిపోతోందన్న టెన్షన్‌లో చాలాసేపు వేరేచోట వెతికాను. డబుల్ కోట్స్ వల్ల అలియాస్ రాసిన క్షణంలోనే ఆ ఫోల్డర్ పేరు అందులో అతుక్కుపోయింది. సింగిల్ కోట్స్ అయితే వాడినప్పుడల్లా కొత్తగా చూసుకునేది. ఫంక్షన్ రాసుంటే ఈ తలనొప్పే లేదు, లోపలి వేరియబుల్స్ నడిచేటప్పుడే తెరుచుకుంటాయి.

దాదాపు అన్ని పనులకీ అలియాస్ కంటే ఫంక్షనే మంచిదని బాష్ మాన్యువలే చెబుతుంది. నేనైతే ఆర్గ్యుమెంట్ చివర్లోనే వచ్చే చిన్న కమాండుకి అలియాసే వాడతాను, ఒక్క లైనులో అయిపోతుంది గనక. మధ్యలో ఎక్కడైనా ఆర్గ్యుమెంట్ కావాలన్నా, రెండు కమాండ్లు కలపాలన్నా ఆలోచించకుండా ఫంక్షనే.

ఏది పెట్టినా ముందు 'టైప్' కమాండుతో ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూడండి. సెషన్ మధ్యలోనే తీసేయాలంటే అలియాస్‌కి 'అన్‌అలియాస్', ఫంక్షన్‌కి 'అన్‌సెట్ మైనస్ ఎఫ్'.