పిట్స్‌బర్గ్‌లో బస బుక్ చేసేముందు మెట్లెన్నో అడగండి

ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవులకి అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్లొచ్చాం. అక్కడి గుళ్లో వెంకన్న దర్శనం తృప్తిగా జరిగింది. ఊరు బాగుంది, ఊళ్లో మనుషులు ఇంకా బాగున్నారు. బస దగ్గర మాత్రం ఘోరంగా మోసపోయాం. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

కొలంబస్ నుంచి కారులో మూడు గంటల పైచిలుకు. మావారు, ఏడేళ్ల బాబు, తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలుగా మా దగ్గరుంటున్న అత్తయ్యగారు, నేను. ఆవిడకి రెండు మోకాళ్లూ నొప్పులే. అందుకే ఇళ్లు అద్దెకిచ్చే యాప్‌లో గంటల తరబడి వెతికి, 'ఇల్లంతా ఒకే అంతస్తు, లోపల మెట్లు లేవు, వీధిలో ఉచిత పార్కింగ్' అని రాసి ఉన్న ఇంటిని ఎంచుకున్నాను. రాత్రికి 112 డాలర్లు అని చూపించింది. తీరా డబ్బు కట్టేటప్పుడు మూడు రాత్రులకి 336, క్లీనింగ్ ఫీజు 95, యాప్ వాళ్ల సర్వీస్ ఛార్జీ 61, 14 శాతం పన్ను కింద మరో 60. మొత్తం 552. రాత్రికి 184 పడ్డట్టు. అయినా మెట్లు లేవు కదా అని కట్టేశాను.

శుక్రవారం రాత్రి ఏడింటికి సౌత్ సైడ్ స్లోప్స్‌లో జీపీఎస్ మమ్మల్ని ఆపేసింది. చూస్తే అక్కడ ఇల్లే లేదు. కొండ మీదికి కాంక్రీటు మెట్లు, ఒక పక్కన తుప్పు పట్టిన ఇనుప గొట్టం, మొదటి మెట్టు పక్కన వీధి పేరున్న బోర్డు. మా అడ్రస్‌లో ఉన్నది ఆ పేరే. అంటే ఆ మెట్లే వీధి! ఇల్లు పైనుంది. ఓనరుకి ఫోన్ చేస్తే, "ఇంటి లోపల మెట్లు లేవనే కదా రాశాను" అన్నాడు. నా చేతులు వణికాయి. మావారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన కోపం వస్తే అలాగే ఉంటారు.

కారు పెట్టడానికీ చోటు లేదు. రెండు రోజుల కిందట మంచు పడిందట. పారతో ఎత్తి శుభ్రం చేసుకున్న ప్రతి ఖాళీలోనూ ఒక కుర్చీ ఉంది. ఒకచోట మడత కుర్చీ, ఇంకోచోట ఎర్ర మెత్త చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చిన వంటింటి కుర్చీ. పిట్స్‌బర్గ్‌లో ఇది పాత ఆచారం. చట్టప్రకారం ఆ కుర్చీకి ఏ హక్కూ లేదు, కానీ మంచు ఎత్తినవాళ్లదే ఆ జాగా అని ఊరంతా ఒప్పుకుంటుంది, కుర్చీని ఎవరూ కదపరు. మేం దిక్కులు చూస్తుంటే ఎదురింట్లోంచి డెబ్బై దాటిన ఒకావిడ బయటికొచ్చింది. ముందు కారులో ఉన్న అత్తయ్యగారిని చూసింది. తర్వాత ఏమీ అడక్కుండా వెళ్లి ఆ ఎర్ర మెత్త కుర్చీని ఎత్తి తన అరుగు మీద పెట్టుకుంది. "నా కొడుకు సోమవారం దాకా రాడు, యింజ్ ఇక్కడ పెట్టుకోండి" అంది. యింజ్ అంటే అక్కడి యాసలో 'మీరంతా' అని. పైగా ఒక బకెట్‌లో ఉప్పు తెచ్చి, మెట్లు స్లిప్పీగా ఉన్నాయంటూ మాకంటే ముందు చల్లుకుంటూ నడిచింది.

ఇలాంటి మెట్ల వరసలు ఊళ్లో 700కి పైగా ఉన్నాయి. కింద నది ఒడ్డున ఉక్కు మిల్లులు, పైన కొండవాలున కార్మికుల ఇళ్లు, డ్యూటీకి దిగడానికీ ఎక్కడానికీ ఈ మెట్లు. 1980ల్లో మిల్లులు మూతపడ్డాయి, సౌత్ సైడ్‌లో మిల్లు ఉన్న జాగాలో ఇప్పుడు షాపులున్నాయి. ఆ మెట్లలో చాలావరకు మాత్రం కాగితాల మీద ఇప్పటికీ వీధులే. అడ్రస్ నమ్ముకుని వచ్చే డెలివరీ కుర్రాళ్లు కూడా ఇలాగే కింద నిలబడిపోతారని ఆవిడ చెప్పింది. మరి ఆ ఇంటి ఓనరుకి ఈ విషయం తెలియదా?

మా బాబు లెక్కపెట్టాడు, 94 మెట్లు. అత్తయ్యగారు నాలుగుచోట్ల కూర్చున్నారు. పైకి చేరాక మంచినీళ్లు తాగి, "రేపు మళ్లీ ఇవన్నీ దిగాలామ్మా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఖాళీ చేసి మన్రోవిల్‌లో హోటల్ తీసుకున్నాం. రెండు రాత్రులు పన్నుతో కలిపి 294. లిఫ్ట్ ఉంది, పొద్దున టిఫిన్ వాళ్లదే, గుడికి పదిహేను నిమిషాలు. మొదటే ఈ పని చేయాల్సింది.

గుడి పెన్ హిల్స్‌లో కొండ మీద, తెల్లటి గోపురంతో దూరం నుంచే కనిపిస్తుంది. 1970ల్లో టీటీడీ సాయంతో కట్టారు, అమెరికాలోని మన తొలి గుళ్లలో ఇదొకటి. స్వామిని చూడగానే అత్తయ్యగారి ముఖం మారిపోయింది. కింద క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం, వడలు నలుగురికి 31 డాలర్లు. పులిహోరలో ఇంగువ సరిగ్గా పడింది, చింతపండు పులుపు మన ఇంట్లో లాగే ఉంది. ఆవిడ రెండోసారి పెట్టించుకున్నారు. నాలుగు నెలల్లో బయట తిండి ఆవిడ మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఆదివారం ఊరు చూశాం. డౌన్‌టౌన్‌లోనూ నది అవతల నార్త్ షోర్ దాకానూ 'టీ' రైలు ఉచితం, బాబు మూడుసార్లు ఎక్కాడు. 1877 నాటి డుకేన్ ఇంక్లైన్‌లో (కేబుల్‌తో కొండ పైకి లాగే పట్టాల బండి) కొండెక్కితే మూడు నదులు కలిసే చోటు కళ్లముందుంటుంది, ఎక్కి తీరాలి. ప్రిమాంటి సాండ్‌విచ్ మాత్రం మావారికీ బాబుకే నచ్చింది. బ్రెడ్డు మధ్యలోనే ఫ్రైస్, క్యాబేజీ కుక్కి ఇస్తారు. అది తినడానికి క్యూలో నిలబడక్కర్లేదని నా అభిప్రాయం. ఫోర్బ్స్ అవెన్యూలో ఫెర్న్ హాలో వంతెన దాటుతున్నప్పుడు, 2022 జనవరిలో పాత వంతెన బస్సుతో సహా కూలిందనీ ఎవరూ చనిపోలేదనీ మావారు చెప్పారు. అత్తయ్యగారు దాటేదాకా చెయ్యి జోడించే ఉన్నారు.

సోమవారం తిరుగుప్రయాణానికి ముందు పులిహోర డబ్బా పట్టుకుని ఆ ఎదురింటావిడ దగ్గరికి వెళ్లాం. కుర్చీ మళ్లీ తన చోటులో ఉంది. అత్తయ్యగారు కారు దిగి స్వయంగా ఇచ్చారు. ఆవిడ మూత తీసి కరివేపాకు వాసన చూసి, ఇది వేడి చేసుకోవాలా అని అడిగింది. "వద్దు వద్దు, ఇలాగే" అని అత్తయ్యగారు తెలుగులోనే చేతులు ఊపుతూ చెప్పారు. ఇద్దరికీ అర్థమైంది.

యాప్ వాళ్లకి మెట్ల ఫొటోలు, వీధి బోర్డు ఫొటో పంపి మిగిలిన రెండు రాత్రుల డబ్బు అడిగాను. 40 డాలర్లు వెనక్కిచ్చారు. మళ్లీ రాశాను, ఊరుకోను. మీరు ఈ ఊళ్లో ఇల్లు తీసుకుంటే, కారు ఆగే చోటు నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లున్నాయో ఓనరుని మెసేజ్‌లోనే అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకి తర్వాత సాక్ష్యం ఉండదు.