స్లొవేనియాలో మోటార్‌హోమ్ అద్దె: ఆరు మీటర్ల బండే తీసుకోండి

పాత ప్రకాశం జిల్లా 17,626 చదరపు కిలోమీటర్లు. స్లొవేనియా దేశం మొత్తం కలిపినా 20 వేల పైచిలుకే. రాజధాని లుబ్లియానా నుంచి బ్లెడ్ సరస్సుకు దాదాపు 55 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి కావలి అంత దూరం. సముద్రం ఒడ్డున ఉన్న పిరాన్‌కు 120, అంటే నెల్లూరు నుంచి ఒంగోలు. ఇంత చిన్న దేశంలో 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరం ఉంది, సున్నపురాతి గుహలున్నాయి, సముద్రమూ ఉంది. డీజిల్ ఖర్చు తక్కువ, రోజంతా స్టీరింగ్ పట్టుకునే పని లేదు. అందుకే ఇక్కడ మోటార్‌హోమ్‌కు, అంటే పడకా వంటిల్లూ ఉన్న బండికి, పెట్టే అద్దె దండగ కాదు. అయితే బండి సైజు దగ్గర పొరపాటు చేస్తే ఆ డబ్బులో సగం నీళ్లపాలే.

అద్దెకు దొరికేవి ఎక్కువగా ఫియట్ డుకాటో లాంటి వ్యాన్ల మీద కట్టినవి. ఒకటి ఆరు మీటర్ల వ్యాను, నలుగురికి సీటు బెల్టులుంటాయి, పడక ఇద్దరికి బాగా, నలుగురికి ఇరుకుగా. ఇంకొకటి ఏడు మీటర్లు దాటే పెద్దది, డ్రైవర్ నెత్తిమీద కూడా పడక ఉంటుంది, ఆరుగురు పడుకోవచ్చు. అవ్వాతాతలతో కలిసి వెళ్లాలనుకునేవాళ్ల కళ్లు ఈ రెండోదాని మీదే పడతాయి. బుక్ చేసేముందు బరువు లెక్క వేయండి. మామూలు కారు లైసెన్సు మీద నడిపే బండి సామాన్లు, మనుషులతో కలిపి 3,500 కిలోలు దాటకూడదు. పెద్ద బండి డ్రైవర్‌తో, డీజిల్‌తో కలిపి సుమారు 3,100 ఉంటుంది. మిగిలింది 400. ఇంకో ఐదుగురు ఎక్కితే తలకు 65 చొప్పున 325. ఇక 75 కిలోల్లో పెట్టెలు, బియ్యం, గిన్నెలు, ట్యాంకులో 100 లీటర్ల నీళ్లు అన్నీ ఇమడాలి. ఇమడవు. బరువు మించితే జరిమానా ఉంటుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మెలిక పెడతారు, అన్నిటికంటే ముందు కొండ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. ఆరుగురైతే రెండు చిన్న బండ్లు తీసుకోండి. లేదా పెద్దవాళ్లకు ఈ బండ్లు ఆపుకునే క్యాంప్‌సైట్‌లోనే చెక్క గది బుక్ చేయండి, చాలాచోట్ల ఉంటాయి.

కాగితాల సంగతి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. నెల్లూరు, ఒంగోలు రవాణా శాఖ ఆఫీసుల పరిధిలోనే ఇస్తారు. ఫారం 4ఏ, 1,000 రూపాయల ఫీజు, ఏడాది చెల్లుబాటు. షెంజెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. అన్ని రాత్రులకూ క్యాంప్‌సైట్ బుకింగులు ఉంటే బస ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉన్నట్టే. బండి అద్దె సీజన్‌లో రోజుకు సుమారు 120 నుంచి 180 యూరోలు. డిపాజిట్ వెయ్యి నుంచి రెండు వేల యూరోలు క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు కాబట్టి కార్డు లిమిట్ చూసుకోండి.

మోటార్‌వే ఎక్కాలంటే ఈ-విన్యెట్ అనే టోల్ పాసు కొనాలి, వారానికి సుమారు 16 యూరోలు. అద్దం మీద స్టిక్కర్ ఉండదు, బండి నంబరు మీదే నమోదవుతుంది, కెమెరాలు చదువుకుంటాయి. ఒక్క అక్షరం తప్పు కొట్టినా కొననట్టే లెక్క, జరిమానా 300 యూరోల నుంచి మొదలు. 3.5 టన్నుల లోపు మోటార్‌హోమ్ ఎంత ఎత్తున్నా విన్యెట్‌లో 2ఏ తరగతే, ఖరీదైన 2బీ కొని డబ్బు పోగొట్టుకోకండి. ఆస్ట్రియా వైపు నుంచి వస్తే కరవాంకె సొరంగానికి వేరే టోల్ కట్టాలి. పగలైనా హెడ్‌లైట్లు వెలిగే ఉండాలి.

రోడ్డుకు కుడివైపు నడపడం మనవాళ్లకు అరగంటలో అలవాటవుతుంది. అలవాటు కానిది వెడల్పు. డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు, గేరు కుడిచేతికి వస్తుంది, కుడిపక్క అద్దం ఎక్కడిదాకా ఉందో అంచనా దొరకదు. ఊళ్లలో గీసుకునేది ఎప్పుడూ కుడిపక్కే. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఆ అద్దాన్నే కనిపెట్టుకుని ఉండాలి. ఎత్తు మూడు మీటర్లకు అటూఇటూ ఉంటుంది, షాపింగ్ మాల్ పార్కింగుల కమ్మీలు రెండు మీటర్ల దగ్గరే ఉంటాయి. బండి ఎత్తు చీటీ మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. పైకప్పుకు తగిలిన దెబ్బ చాలా పాలసీల్లో ఇన్సూరెన్సులోకి రాదు.

వ్రిషిచ్ కనుమ గురించి అందరూ అడుగుతారు. 1,611 మీటర్ల ఎత్తు, 50 మలుపులు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన దారి. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి వాళ్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా దారిలో ఒక చిన్న చెక్క ప్రార్థనాలయం ఉంది, ఆగి చూడాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ నడిపిన చేతికి ఈ మలుపులు భయపెట్టవు. తేడా ఏమిటంటే, క్రాన్‌స్కా గోర వైపు 24 మలుపుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే జారతాయి. ఆరు మీటర్ల వ్యాను పొడి రోజున, ఉదయం ఎనిమిదిలోపు హాయిగా ఎక్కుతుంది. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టు మీదే దించండి, బ్రేకు తొక్కి పట్టుకుని దిగితే వాసన వస్తుంది. ఏడు మీటర్ల బండిని మలుపులో ఎదురుగా బస్సు వస్తే వెనక్కి తీయడం నరకం. ఆ బండి ఉన్నవాళ్లు ఇటలీలోని తర్వీసియో మీదుగా, 1,156 మీటర్ల ప్రెదెల్ కనుమ దాటి సోచా లోయలోని బోవెత్స్‌కు రావడమే మేలు. సోచా నది నీళ్ల పచ్చదనం ఎటు నుంచి వచ్చినా అదే. చలికాలంలో వ్రిషిచ్ మంచుతో మూసేస్తారు.

హైవే పక్కన లారీ ఆపినట్టు ఎక్కడబడితే అక్కడ ఆపి పడుకోవడం ఈ దేశంలో కుదరదు. క్యాంప్‌సైట్ లేదా మోటార్‌హోమ్‌లకు కేటాయించిన చోటు ఉండాల్సిందే, త్రిగ్లావ్ నేషనల్ పార్కులో మరీ గట్టిగా చూస్తారు. బ్లెడ్, బోహిన్ సరస్సుల దగ్గరి క్యాంప్‌సైట్లు జులై, ఆగస్టుల్లో నిండిపోతాయి. సెప్టెంబరు మంచి నెల. ఒక్కోచోట రెండు మూడు రాత్రులుండి, చుట్టుపక్కల నడిచో బస్సులోనో తిరగండి. రోజూ బండి కదిలిస్తే రోజూ గిన్నెలు సర్ది, కరెంటు వైరు చుట్టి, కిటికీలు మూసే పనే గంట తింటుంది. పిరాన్ పాత ఊళ్లోకి ఎలాగూ బయటి బండ్లను వదలరు. పొస్తోయ్నాలో గుహ దగ్గరే రాత్రి ఆపుకునే చోటుంది. గుహ లోపల ఏడాది పొడవునా 10 డిగ్రీలే, మన ఊరి వేసవి నుంచి నేరుగా వెళ్లేవాళ్లు స్వెట్టర్ మరవకూడదు.

ఇక వంటింటి సంగతి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు. కాబట్టి నాటుకోడి పచ్చడి, ఇంటి నెయ్యి ఇంట్లోనే వదిలేయండి. రొయ్యల పచ్చడి, ఎండుచేపలు మాత్రం సొంత వాడకానికి మనిషికి 20 కిలోల దాకా తీసుకెళ్లొచ్చు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి కరివేపాకు పొడి పట్టుకెళ్లండి. క్యాంప్‌సైట్ కరెంటు కొన్నిచోట్ల 6 ఆంపియర్లే, అంటే సుమారు 1,380 వాట్లు. 700 వాట్ల రైస్ కుక్కర్ నడుస్తుంది, దానితో పాటు కెటిల్ పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. తాలింపు పెట్టేముందు పైకప్పు కిటికీ తెరవండి, పొగ అలారం మోగుతుంది. చేపల పులుసు మాత్రం లోపల వద్దు, వాసన పరుపులకు పట్టి శుభ్రం చేసిన చార్జీ పడుతుంది. చిన్న గ్యాస్ స్టవ్ అడిగి తీసుకుని బయట బల్ల మీద వండితే పులుసూ దక్కుతుంది, డిపాజిట్టూ దక్కుతుంది. గ్యాస్ బండ మన 14.2 కిలోల సిలిండర్ లాంటిది కాదు, దేశానికో రకం వాల్వు. స్పేర్ బండ ముందే అడగండి. చలికాలమైతే ప్రొపేన్ ఉందా అని అడగండి, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు.

టాయిలెట్ క్యాసెట్, అంటే కింద మలమూత్రాలు నిలిచే పెట్టె, పట్టేది 18 లీటర్లు. నలుగురికి రెండు రోజులు వస్తుందని అద్దెకిచ్చేవాళ్లు చెప్పేది కాగితం వాడేవాళ్ల లెక్క. మనలా చెంబు వాడితే ఒక్కరోజే. పగలు క్యాంప్‌సైట్ మరుగుదొడ్డి వాడి, బండిలోది రాత్రికే ఉంచుకోండి. వేడినీళ్ల బాయిలర్ 10 లీటర్లు, షవర్ వదిలేస్తే రెండో మనిషికి చన్నీళ్లే. ట్రూమా హీటరున్న బండ్లలో చలి 3 డిగ్రీలకు దిగితే ఒక వాల్వు దానంతటదే తెరుచుకుని బాయిలర్ నీళ్లు కింద వదిలేస్తుంది. అది లీకేజీ కాదు, పైపులు పగలకుండా కాపాడటం. హీటర్ వేసి ఆ చోటు 7 డిగ్రీలు దాటాక వాల్వు మూయండి, అంతకుముందు మూసినా నిలవదు.

బండి తీసుకునేటప్పుడు పైకప్పు, కిందిభాగం, పక్కకు చాపే ఆనింగ్ గుడ్డ వీడియో తీయండి. డీజిల్ మూత, యాడ్‌బ్లూ (డీజిల్ పొగను శుభ్రం చేసే ద్రవం) మూత, నీళ్ల మూత ఏది ఏదో చేత్తో తాకి చూపించమనండి. డీజిల్ ట్యాంకులో నీళ్లు పోస్తే ఆ ఖర్చు ఏ పాలసీలోకీ రాదు. తిరిగి ఇచ్చే రోజు క్యాసెట్, వాడిన నీళ్ల ట్యాంకు క్యాంప్‌సైట్‌లోనే ఖాళీ చేసి బయల్దేరండి. ఆఫీసు దగ్గర ఆ పని చేసే వీలుండదు, చార్జీ మాత్రం ఉంటుంది.