గ్యాస్‌తో నడిచే ఓడకు ఏ ఇంజిన్: 300 బార్‌దా, 16 బార్‌దా?

ఎల్‌ఎన్‌జీతో (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు, చాలావరకు మీథేనే) నడిచే పెద్ద ఓడ కట్టించేవారి ముందు ముఖ్యంగా రెండు ఇంజిన్లున్నాయి: మాన్ (2025 నుంచి కంపెనీ పేరు ఎవర్‌లెన్స్) వారి ఎంఈ-జీఐ, విన్‌జీడీ వారి ఎక్స్-డీఎఫ్. రెండూ టూ-స్ట్రోకే, రెండూ డీజిల్ మీద కూడా నడుస్తాయి. సిలిండర్‌లోకి గ్యాస్ ఎప్పుడు వెళ్తుందన్న దగ్గరే తేడా.

ఎక్స్-డీఎఫ్‌లో పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే సిలిండర్ గోడలోని వాల్వుల గుండా గ్యాస్ వెళ్లి గాలితో పలచగా కలుస్తుంది. 16 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి) లోపు ఒత్తిడి చాలు. మంట మరీ వేడెక్కదు కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లకు అంతర్జాతీయ సముద్ర సంస్థ పెట్టిన టియర్ 3 హద్దుకు (కిలోవాట్-గంటకు 3.4 గ్రాములు) గ్యాస్ మీద నడిచేటప్పుడు అదనపు సామగ్రి అక్కర్లేదు. ఎంఈ-జీఐలో పిస్టన్ పైకి చేరాక, డీజిల్‌లాగే, 300 బార్ దగ్గర గ్యాస్ చిమ్ముతారు. నాకింగ్ (గ్యాస్ వేళ కాని వేళ భగ్గుమనడం) బెడద లేదు. కానీ టియర్ 3 కోసం ఎస్‌సీఆరో (పొగను రసాయనికంగా శుభ్రం చేసేది) ఈజీఆరో (పొగలో కొంత తిరిగి సిలిండర్‌కు పంపేది) తగిలించాలి.

300 బార్ అనగానే జంకుతారు గానీ, కంటైనర్ ఓడలో అదేమంత ఖర్చు కాదు: ద్రవాన్నే పంపుతో ఒత్తి, తర్వాత ఆవిరి చేస్తారు. ఎల్‌ఎన్‌జీ మోసే ఓడలో అలా కుదరదు. ట్యాంకుల్లో తనంతట తాను మరిగే గ్యాస్‌ను వాడుకోవాలి. దాన్ని 300 బార్‌కు నొక్కే కంప్రెసర్ కొనడమూ భారమే, నడపడమూ భారమే. ఆ ఓడల వాళ్లు ఎక్స్-డీఎఫ్ వైపు మొగ్గడం తప్పేం కాదు.

అసలు పేచీ మీథేన్‌తో. ముందే కలిపిన గ్యాస్ సందుల్లో చిక్కి కాలకుండా బయటికి పోతుంది. ఓడల ఇంధన కాలుష్యం మీద ఐరోపా పెట్టిన ఫ్యూయల్‌ఈయూ నిబంధనలు ఎక్స్-డీఎఫ్ తరహాకు 1.7 శాతం, ఎంఈ-జీఐ తరహాకు 0.2 శాతం జారుతుందని లెక్కగట్టాయి. వంద కిలోల గ్యాస్ కాలిస్తే సుమారు 275 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లుగా లెక్కేస్తే, జారిన 1.7 కిలోలు మరో 48 కిలోలతో సమానం. చమురు బదులు ఎల్‌ఎన్‌జీ వాడి తగ్గించామనుకున్న కాలుష్యంలో పెద్ద ముక్క అక్కడే కరిగిపోతుంది. 2025 నుంచి ఫ్యూయల్‌ఈయూలో, 2026 నుంచి ఐరోపా కార్బన్ ట్రేడింగ్‌లోనూ (కాలుష్యానికి పర్మిట్లు కొనే పద్ధతి) మీథేన్‌కు మూల్యం కట్టాలి.

తక్కువ ఒత్తిడి ఇంజిన్ ఎంఈ-జీఏను మాన్ 2021లో తెచ్చి 2024లో పక్కన పెట్టేసింది. విన్‌జీడీ మాత్రం పొగను చల్లార్చి తిరిగి సిలిండర్‌కు పంపే ఐసర్ పద్ధతితో జారుడు సగం దాకా తగ్గించానంటోంది.

ఐరోపా రేవులకు తిరిగే కంటైనర్ ఓడకైతే నా ఓటు ఎంఈ-జీఐకే. ఎల్‌ఎన్‌జీ మోసే ఓడకు ఐసర్ ఉన్న ఎక్స్-డీఎఫ్. అది కొనేవారు తక్కువ లోడు దగ్గర ఎంత మీథేన్ జారుతుందో కొలిచిన కాగితం ముందే అడగాలి. నెమ్మదిగా నడిపే రోజుల్లోనే ఆ శాతం పెరుగుతుంది.